చదివిన పుస్తకం గురించి ‘బాగుంది’ తరువాత ఏం రాసుకోవాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గత ఆరు నెలల్లో ఎనిమిది పుస్తకాలు చదివానని, ఒక్కొక్క దాని గురించి నోటుపుస్తకంలో నాలుగు మాటలు రాసుకుందామని కూర్చుంటే ‘బాగుంది’, ‘పర్వాలేదు’ అన్న రెండు మాటల దగ్గరే కలం ఆగిపోతోందని, విమర్శకులు రాసేవి చూస్తే అంత చదువు నాకు లేదనిపించి వెనక్కి తగ్గుతున్నానని రాశారు. సాధారణ పాఠకుడు తాను చదివిన పుస్తకం గురించి ఏం రాసుకోవచ్చునని, నేను ఈ మధ్య చదివినవాటి గురించి ఎలా రాసుకున్నానని అడిగారు. ముప్పై ఒక్క సంవత్సరాలు ఒక శాఖా గ్రంథాలయంలో పనిచేసి, ఉద్యోగ విరమణ తరువాత చదవడమే రోజువారీ పనిగా పెట్టుకున్న మనిషిని కనుక, ఈ ప్రశ్నకు నాకు తెలిసినంత వివరంగా జవాబు చెప్పాలనిపించింది.

నేనూ విమర్శకుణ్ణి కాను. నా అనుభవమంతా పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే బల్ల దగ్గరిది. పుస్తకం తీసుకునేటప్పుడు ఎవరూ పెద్దగా మాట్లాడరు. తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం, తేదీల చీటీ మీద నేను ముద్ర వేసే ఆ అరనిమిషంలో, ఏదో ఒక మాట అంటారు. ఒక కౌలురైతు వాసిరెడ్డి సీతాదేవి గారి ‘మట్టిమనిషి’ తెచ్చి ఇస్తూ, “ఆ కొడుకు పొలాలు అమ్మడం మొదలుపెట్టిన చోట పుస్తకం మూసేసి, చేలోకి పోయి ఒక చుట్టు తిరిగి వచ్చానండీ, ఆ తరువాతే మిగతాది చదవగలిగాను” అన్నాడు. ఆ నవల మీద నేను చదివిన వ్యాసాలు చాలావరకు మరిచిపోయాను కానీ, ఈ మాట మరిచిపోలేదు. అందులో పుస్తకమూ ఉంది, చదివిన మనిషీ ఉన్నాడు, ఆ రెండూ కలుసుకున్న చోటూ ఉంది. ఆయన ఆ నవల మంచిదో కాదో చెప్పలేదు. చెప్పవలసిన అవసరం కూడా లేకపోయింది.

మీరు రాయలేకపోవడానికి కారణం చదువు లేకపోవడం కాదని నా నమ్మకం. పుస్తకం పూర్తికాగానే మీరు దానికి మార్కులు వేయడానికి కూర్చుంటున్నారు. మార్కు వేశాక రాయడానికి ఇంకేమీ మిగలదు. దానికి బదులు, చదువుతూ చదువుతూ ఎక్కడ ఆగారో అది రాయండి. కళ్లు అక్షరాల మీద ఉండి మనసు ఇంకెక్కడికో పోయిన చోటు, వెనక్కి వెళ్లి మళ్లీ చదివిన వాక్యం, రచయిత మీద కోపం వచ్చిన పేజీ, నిద్ర ముంచుకొచ్చిన అధ్యాయం, ఇవన్నీ ఆగిన చోట్లే. ఆగిన చోటు దొరికితే ఎందుకు ఆగాం అన్నది దానంతట అదే వెనకాల వస్తుంది. నేను ఈ సంవత్సరం చదివిన కొన్ని పుస్తకాల విషయంలో ఇది ఎలా జరిగిందో చెబుతాను.

కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’ నవలను వేసవిలో మళ్లీ చదివాను. చిత్తూరు జిల్లాలో పుట్టి, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలోని కుష్ఠు ఆసుపత్రిలో చాలాకాలం వైద్యుడిగా పనిచేసి, 2015లో కన్నుమూసిన రచయిత ఆయన. ఇది చిన్న పుస్తకం. పందులు మేపుకొని బతికే ఒక ముసలివాడు, పొద్దుగూకినా తిరిగిరాని చూలు పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్తాడు. తెల్లవారేలోగా జరిగేదే కథ. ఆ ముసలివాడికి రచయిత పేరు పెట్టలేదు. ఈ నవల గురించి మాట్లాడేవాళ్లు చాలామంది హెమింగ్వే రాసిన ముసలి జాలరి కథను పక్కన పెట్టి చూస్తారు. నేనూ మొదటిసారి చదివినప్పుడు ఆ పోలిక దగ్గరే ఆగిపోయి, అదే నా అభిప్రాయమనుకున్నాను. నిజానికి అది ఎవరో చెప్పగా విన్న మాట.

ఈసారి నేను ఆగిన చోటు వేరు. జాలరికి చేప ప్రత్యర్థి. దాన్ని పట్టడానికే అతను సముద్రం మీదికి వెళ్తాడు. ఈ ముసలివాడు వెళ్లింది తన మందలోని పందిని, దాని పిల్లలను ఇంటికి తెచ్చుకోవడానికి. అయితే ఈనిన పంది తన పిల్లల దగ్గరకు ఎవరినీ రానివ్వదు, ఇన్నాళ్లూ మేపిన మనిషే అయినా సరే. పొదల చుట్టూ నక్కలు కాచుకొని ఉన్నాయని అతనికి తెలుసు, దానికీ తెలుసు. కానీ దాని కళ్లకు నక్కకూ అతనికీ తేడా లేదు. ఇక్కడ పుస్తకం బల్ల మీద బోర్లా పెట్టి చాలాసేపు కూర్చున్నాను. మా నాన్నగారు చివరి రోజుల్లో జ్ఞాపకం తప్పి, రాత్రి పూట అన్నం తినిపించబోయిన నన్ను ఎవరో దొంగ అనుకొని చెయ్యి విసిరికొట్టిన సంఘటన గుర్తుకొచ్చింది. ఆ రాత్రి గిన్నె పట్టుకొని గుమ్మం దగ్గర ఎంతసేపు నిలబడ్డానో ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. నోటుపుస్తకంలో ఆ పేజీ సంఖ్య వేసి, “కాపాడడానికి వచ్చినవాడు శత్రువుగా కనిపించే చోటు” అని మాత్రమే రాసుకున్నాను. ఆ ఒక్క వాక్యంతో నవల మొత్తం నాకు తిరిగి గుర్తుకొస్తుంది.

అదే పుస్తకంలో నాకు నచ్చని విషయం ఒకటుంది, దాన్నీ రాసుకున్నాను. కొన్ని పేజీల్లో ముసలివాడి ఆలోచనలు అతనివిగా కాక, చాలా చదువుకున్న మనిషి ఆలోచనలుగా వినిపిస్తాయి. అడవి వాసన, నక్కల కదలిక, రాత్రి గడుస్తున్న తీరు చెప్పేటప్పుడు పట్టు సడలని రచయిత, జీవితం గురించి ముసలివాడి చేత ఆలోచింపజేసేటప్పుడు తానే ముందుకు వచ్చినట్లు నాకనిపించింది. గొప్ప పుస్తకమని అందరూ అంటున్నారు కదా, ఈ సంగతి రాయడమెందుకని మీరు సందేహించవద్దు. ఇష్టమైన పుస్తకంలో అడ్డం వచ్చిన చోటు చూపించగలిగితేనే, ఆ ఇష్టం మీదని ఎదుటివాడికి నమ్మకం కలుగుతుంది.

తరువాత చదివింది ‘వనవాసి’. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ బెంగాలీలో రాసిన ‘ఆరణ్యక్’కు సూరంపూడి సీతారాం గారి తెలుగు అనువాదం ఇది. కలకత్తాలో చదువుకొని ఉద్యోగం లేక తిరుగుతున్న సత్యచరణ్‌కు, బీహారులో ఒక జమీందారీ అడవిలో మేనేజరు ఉద్యోగం దొరుకుతుంది. అడవిని కౌలుదార్లకు పంచి, కొట్టించి, సాగులోకి తేవడమే అతని పని. మొదట్లో ఆ నిర్మానుష్యం భరించలేక తిరిగి వెళ్లిపోదామనుకున్న మనిషి, క్రమంగా అడవి లేకుండా బతకలేని స్థితికి వస్తాడు. కానీ పని మాత్రం చేస్తూనే ఉంటాడు. రచయిత స్వయంగా భాగల్పూర్ ప్రాంతంలో అటువంటి ఉద్యోగం చేశారు, ఆ అనుభవం ప్రతి పేజీలోనూ తెలుస్తుంది. పూల అందాన్ని పొగిడే పుస్తకంగా దీన్ని చాలామంది గుర్తుపెట్టుకుంటారు. నాకు ముందుగా గుర్తుకొచ్చేది ఆకలి. కచేరీలో, అంటే ఆ జమీందారీ కార్యాలయంలో, వరి అన్నం పెడతారని తెలిసి, అది తినడం కోసమే ఎంతో దూరం నడిచివచ్చిన మనుషులు అందులో ఉన్నారు. మా ఇంట్లో మూడు పూటలా అన్నమే. ఆ పేజీ చదివిన రోజు రాత్రి కంచం ముందు కూర్చున్నప్పుడు ఆ మనుషులు ఎదురుగా నిలబడినట్లయింది.

ఈ పుస్తకంలో నేను రెండుచోట్ల ఆగాను. మొదటిది యుగళప్రసాద్ అనే మనిషి దగ్గర. అతను ఎక్కడెక్కడి నుంచో అడవిపూల విత్తనాలు, తీగలు తెచ్చి, ఎవరికీ చెందని అడవిలో, సరస్వతీ కుండమనే సరస్సు చుట్టూ నాటుతుంటాడు. అందువల్ల అతనికి దమ్మిడీ లాభం లేదు. అతనికి తోడ్పడుతున్నవాడు అదే అడవిని కౌలుకిచ్చి కొట్టించే మేనేజరు. రెండవది భానుమతి దగ్గర. ఆమె కొండల్లోని ఒక పాత రాజవంశపు పిల్ల. ఆ వంశానికి ఇప్పుడు మిగిలింది పశువులు కాచుకోవడమే. సత్యచరణ్ ఆమెను భారతవర్షం పేరు విన్నావా అని అడిగితే, వినలేదని తల అడ్డంగా ఊపి, అది ఏ వైపున ఉందని అడుగుతుంది. ఈ దేశంలో అందరికంటే ముందు నుంచీ ఉన్నవాళ్ల పిల్ల ఆ ప్రశ్న అడగడం చూసి నేను ముందుకు పోలేకపోయాను. ఆ పేజీ పక్కన నేను రాసుకున్నది ఒక అభిప్రాయం కాదు, ఒక జ్ఞాపకం: మా శాఖ నుంచి పుస్తకాల పెట్టెలు తీసుకొని కొండ దిగువన ఉన్న ఒక బడికి వెళ్లినప్పుడు, ఒక పిల్లవాడు ఈ పుస్తకాల్లో మా ఊరు ఏ పేజీలో ఉందని అడిగాడు. నేనప్పుడు నవ్వి ఊరుకున్నాను. నవ్వకుండా ఉండవలసిందని ఈ నవల చదివాక అనిపించింది.

అనువాదాలు చదివినప్పుడు అనువాదకుల పేరు తప్పకుండా రాసుకోండని మనవి. మనం మెచ్చుకునే వాక్యం తెలుగులో వారు కట్టినదే. బెంగాలీ నాకు రాదు, కనుక మూలానికి అనువాదం ఎంత దగ్గరగా ఉందో నేను చెప్పలేను. కానీ సీతారాం గారి వాక్యం చదువుతుంటే అది వేరే భాషలోంచి వచ్చిందన్న స్పృహ నాకు ఒక్కసారీ కలగలేదు. ఆ మాట చెప్పడానికి పాఠకుడికి పూర్తి అర్హత ఉంది.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ పూర్తి చేయడానికి నాకు రెండు నెలలు పట్టింది. కారణం విసుగు కాదు; ఆ పుస్తకాన్ని మౌనంగా చదవలేకపోయాను. రెండు పేజీలు చదివేసరికి నా గొంతు బయటికి వచ్చేది, వంటింట్లోంచి మా ఆవిడ “ఇంకోసారి చదవండి” అనేది. గోదావరి ప్రాంతపు ఒక వైదిక కుటుంబంలో 1891లో పుట్టిన మనిషి, ఇంట్లోవాళ్లు కోరుకున్న సంస్కృత విద్యను దాటి తెలుగు కథ వైపు ఎలా వచ్చాడో ఆయన చెబుతుంటే, అరుగు మీద కూర్చొని ఒక పెద్దాయన మాటలు వింటున్నట్లే ఉంటుంది. ఆయన కథలు చదివినవారికి తెలుసు, ఆయన చేతిలో సంభాషణే కథను నడుపుతుంది. స్వీయచరిత్రలోనూ ఆ నేర్పు అలాగే ఉంది. పరిషత్తు, శిష్యరికం, ఊరు, వంట, అలక, పంతం, అన్నీ మాటల మధ్య నుంచే తెలుస్తాయి. మా ఆవిడ ఈ పుస్తకాన్ని చదవలేదు, విన్నది. ఆమెకు గుర్తున్న చోట్లు నాకు గుర్తున్నవి కావు. నాకు కవిపండితుల ప్రసంగాలు గుర్తుంటే, ఆమెకు ఆడవాళ్ల పలుకుబళ్లు గుర్తున్నాయి. వాటిలో కొన్ని తన అమ్మమ్మ నోట విన్నవని చెప్పింది. ఆమె చెప్పినవి కూడా నా నోటుపుస్తకంలోనే, ఆమె పేరు కింద రాశాను.

ఇదే పుస్తకంలో నేను ఒప్పుకోలేకపోయిన భాగం ఉంది. హిందీ ప్రచారం మీద తనకున్న వ్యతిరేకతను శాస్త్రి గారు ఏమాత్రం దాచుకోలేదు. తెలుగు తప్ప మరొకటి ఆయనకు ఆనదు. తెలుగు మీద ఆయనకున్న ప్రేమలో నాకు భాగం ఉంది. కానీ నా కూతురు వేరే రాష్ట్రంలో వేరే భాషలో పనిచేసి బతుకుతోంది, ఆమె కొడుకు తెలుగు మాట్లాడతాడు కానీ చదవలేడు. ఆ పిల్లవాడి విషయంలో ఎవరిది తప్పో చెప్పడం ఆయనకు తేలికైనంతగా నాకు తేలిక కాదు. ఆ పేజీల్లో రచయితతో మనసులోనే చాలాసేపు వాదించాను. వాదన ముగియలేదు. ముగియని వాదనను ముగియనట్లే రాసుకున్నాను. మీరు కూడా చివరికి ఎవరు నెగ్గారో తేల్చే బాధ్యత నెత్తిన వేసుకోవలసిన పనిలేదు.

నేను కృష్ణాతీరం వాణ్ణి. తెలంగాణ రచనలు చదివేటప్పుడు నా అజ్ఞానం నాకు ప్రతి పేజీలోనూ ఎదురవుతుంది, దాన్ని దాచుకోకుండా రాసుకోవడం ఆలస్యంగా నేర్చుకున్నాను. దాశరథి రంగాచార్య గారి ‘చిల్లర దేవుళ్లు’ మొదటిసారి చదివినప్పుడు ‘ఆడబాప’ అన్న మాట అర్థం కాక, సందర్భాన్ని బట్టి దాసి అనుకొని సరిపెట్టుకొని సాగిపోయాను. దొర కూతురికి పెళ్లయితే ఆమెతో పాటు అత్తవారింటికి పంపించే ఆడపిల్ల అని, ఆ పిల్లకు తనదంటూ ఒక పెళ్లి కానీ ఇల్లు కానీ ఉండదని, దొర ఉండే కోటలాంటి ఇల్లయిన గడీలో పుట్టే పిల్లల తండ్రులెవరో ఎవరూ నోరు విప్పి చెప్పరని తెలిశాక, ఆడబాప అయిన వనజ పాత్ర ఉన్న పేజీలన్నీ మళ్లీ చదవవలసి వచ్చింది. ఒక్క మాట తెలియకపోతే నవలలో సగం కనిపించలేదు. నిజాం పాలనలోని పల్లెకు విజయవాడ వైపు నుంచి పాట నేర్పుకొని బతుకుదామని వచ్చిన సారంగపాణి కళ్లతో రచయిత ఆ గడీని చూపించడం నావంటి పాఠకుణ్ణి దృష్టిలో పెట్టుకొనే కావచ్చుననిపించింది; అతనికి తెలియనివే నాకూ తెలియవు.

సామల సదాశివ గారి ‘యాది’ మాత్రం వేరు. ‘స్వరలయలు’ పుస్తకానికి 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న ఆయన, ఆదిలాబాద్ వైపు నుంచి ఉర్దూ, మరాఠీ, తెలుగు, హిందుస్తానీ సంగీతం అన్నింటినీ ఒకే ఇంటి మనుషుల్లా పలకరిస్తూ రాశారు. యాది అంటే జ్ఞాపకమని తెలుసు కానీ, ఆ మాటలో ఉన్న చనువు ‘జ్ఞాపకం’లో లేదని పుస్తకం పూర్తయ్యాక తెలిసింది. ఒక విషయం చెబుతూ మరొక విషయంలోకి పోయి, అక్కడి నుంచి ఒక ఉస్తాదు దగ్గరకు, ఆయన నుంచి ఒక ఉర్దూ కవి దగ్గరకు వెళ్లి, మనం దారి తప్పామేమో అనుకునేలోగా మొదలుపెట్టిన చోటికే తెచ్చి దింపుతారు. ఈ పుస్తకం చదివి నేను రాసుకున్నదంతా పేర్లే: వినవలసిన గాయకులు, చదవవలసిన కవులు. అదీ ఒక పాఠకుడి స్పందనే.

ఈ మధ్యకాలపు పుస్తకాల గురించి కూడా అడిగారు. బండి నారాయణస్వామి గారి ‘శప్తభూమి’ పద్దెనిమిదో శతాబ్దపు రాయలసీమ నవల. హండే రాజుల కాలపు అనంతపురం సీమలో కరువు, ఆడపిల్లను దేవుడికి అంకితం చేసే బసివిని ఆచారం, రాజు కోసం ప్రాణమిచ్చే లెంకలు, అన్నీ ఉన్నాయి. అందులో పాత్రలు చాలా ఎక్కువ. వంద పేజీల తరువాత ఒక కాగితం మీద పేర్లు రాసుకొని చదివాను, అప్పుడే పట్టు దొరికింది. ఓల్గా గారి ‘విముక్త’ కథల్లో, అడవిలో కొడుకులను పెంచుతున్న సీత శూర్పణఖను కలిసే ‘సమాగమం’ దగ్గర ఆగాను. రూపం కోల్పోయిన శూర్పణఖ తోట పెంచుకుంటూ ఉంటుంది. చిన్నప్పటి నుంచి హరికథల్లో ఆమె ముక్కుచెవులు కోసే ఘట్టానికి జనం నవ్వడం, వాళ్లతో పాటు నేనూ నవ్వడం గుర్తుకొచ్చింది. ఆమె ఆ తరువాత ఏమైందని ఒక్కసారీ అడగలేదు. ఈ రెండు పుస్తకాల గురించి ఇంతకంటే రాయడానికి నాకు ఇంకా సమయం కావాలి.

చదివిన పుస్తకమే మళ్లీ చదవడం గురించి ఒక మాట. రావిశాస్త్రి గారి ‘అల్పజీవి’ని ఇరవై రెండో ఏట చదివి, సుబ్బయ్య పిరికితనం భరించలేక విసుక్కున్నాను. బావమరిది అరిస్తే వణికిపోయే, కంట్రాక్టరు గవరయ్య దగ్గర డబ్బు అడగడానికి కూడా గొంతు పెగలని గుమాస్తా అతను. అప్పటికి నాకు ఉద్యోగం లేదు. ఇప్పుడు, ముప్పై ఏళ్ల పైచిలుకు ప్రభుత్వ ఉద్యోగం చేసి, పై అధికారి గది బయట స్టూలు మీద కూర్చున్న మధ్యాహ్నాలన్నీ వెనక వేసుకొని చదివితే, నాకు కనిపించింది పిరికితనం కాదు, చూపు. ఆ నవలలో తన గురించి తనకు ఏ భ్రమా లేనివాడు సుబ్బయ్య ఒక్కడే. తాను ఎంత చిన్నవాడో, ఎందుకు చిన్నవాడయ్యాడో, ఎదుటివాడు తనను ఎలా చూస్తున్నాడో అతనికి పూసగుచ్చినట్లు తెలుసు. రచయిత వాక్యాన్ని విరిచి, అతని తలలో తిరిగే మాటలను తిరిగినట్లే పేజీ మీద పెట్టడం వల్లనే మనకా చూపు అందుతోంది. మొదటిసారి ఆ విరుపులను నేను గమనించనే లేదు. నోటుపుస్తకంలో పాత అభిప్రాయాన్ని కొట్టివేయలేదు; దాని కింద తేదీ వేసి కొత్తది రాశాను. మీరు కూడా పాతది చెరపవద్దు.

ఇక రాసే పద్ధతి. ముందుమాటను పుస్తకం పూర్తయ్యాకే చదవండి. మన ప్రచురణల్లో పది పదిహేను పేజీల ముందుమాటలు మామూలే, కొన్నిసార్లు రెండు మూడు కూడా ఉంటాయి. వాటిని ముందే చదివితే మనం ఎక్కడ ఆగాలో వారే చెప్పేస్తారు, మనకు మనంగా ఆగే అవకాశం పోతుంది. కథాసారం రెండు వాక్యాలకు మించనివ్వకండి. ‘మనసును కదిలించింది’, ‘ఆద్యంతం ఆసక్తిగా సాగింది’, ‘ప్రతి ఒక్కరూ తప్పక చదవాలి’ అన్న వాక్యాలు కలం చివరికి వచ్చినప్పుడు రాయకుండా ఆగి, ఏ పేజీ, ఏ మాట, ఆ సమయంలో నేనెక్కడ కూర్చున్నాను అని ప్రశ్నించుకోండి. పుస్తకం మూసిన రాత్రే రాయండి. వారం తరువాత రాస్తే ఇతరుల మాటలు వచ్చి చేరతాయి. పుస్తకంలోని వాక్యం ఎత్తి రాసుకునేటప్పుడు అక్షరం తప్పకుండా, కొటేషను గుర్తులతో, పేజీ సంఖ్యతో రాసుకోండి. కొన్నేళ్ల తరువాత ఏది రచయితదో ఏది మనదో తెలియక నేను స్వయంగా ఇబ్బంది పడ్డాను.

నచ్చని పుస్తకం, సగంలో వదిలేసిన పుస్తకం గురించి రాయవచ్చా అని చివర అడిగారు. తప్పక రాయండి. విశ్వనాథ వారి ‘వేయిపడగలు’ను నేను రెండుసార్లు మధ్యలో వదిలేసి, మూడోసారి పూర్తిచేశాను. వదిలేసిన రెండుసార్లూ పేజీ సంఖ్య రాసుకున్నాను, అందువల్ల ఒక సంగతి బయటపడింది: రెండుసార్లూ నేను విడిచిపెట్టింది వర్ణధర్మం గురించి కథానాయకుడు ధర్మారావు సుదీర్ఘంగా మాట్లాడే చోటే. ఆ ధర్మంతో నాకు పొత్తు కుదరలేదు, ఇప్పటికీ కుదరదు. పూర్తి చేసిన తరువాత నాతో మిగిలినవాళ్లు దేవుడు పూని పలికే గణాచారి, ప్రకృతిలో ఒక ముక్కలా బతికే పసిరిక. వాదనను ఒప్పుకోని పుస్తకంలో కూడా మనుషులు మనతో వచ్చేస్తారని అప్పుడు తెలిసింది. వదిలేసిన పేజీల లెక్క రాసి ఉండకపోతే, ఆ నవల నాకు ‘అర్థం కాలేదు’ అనుకొని ఊరుకునేవాణ్ణి. అది నిజం కాదు, అర్థమైంది, అందుకే ఆగాను.

ప్రస్తుతం ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’ చదువుతున్నాను. 1922లో జైలులో రాసినది, మద్రాసు ప్రభుత్వం నిషేధించినది అన్న సంగతులు ఉద్యోగ పరీక్షకు చదువుకున్న రోజుల నుంచీ నోటికి వచ్చు. బీరువాలోంచి తీసి ఎందరికో ఇచ్చాను. పూర్తిగా చదవడం మాత్రం ఇదే. ఉపన్యాసాల వంటి భాగాలు బరువుగానే ఉన్నాయి, కొన్నిటిని ఒకే బిగిని చదవలేకపోయాను. రామదాసు ఇంట్లో మనుషులు మాట్లాడుకునే పేజీలు వచ్చేసరికి ఆ బరువు దిగిపోతోంది. మూడు రోజుల క్రితం భూస్వామి చౌదరయ్య చేతిలో రామదాసు కొడుకు సంగదాసు చనిపోయే చోటికి వచ్చాను. నోటుపుస్తకంలో పేజీ సంఖ్య, తేదీ వేశాను. వాటి కింద ఇంకా ఏమీ రాయలేదు.